బల్ల మీద యుద్ధం: బావా బావమరుదుల వాదం

కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతరంటే ఊళ్లో ప్రతి ఇంటా చుట్టాలే. అలా ఉద్దానం నుంచి దిగినవాడు బావ. ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీలు నడిపి, హవల్దారుగా రిటైరై, ఇప్పుడు వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటలు చూసుకుంటున్నాడు. బావమరిది హైస్కూల్లో సోషల్ మాస్టారు. వయసు నలభై ఎనిమిది. ఈ మధ్యే చిన్న చిన్న సైనికుల బొమ్మలకి రంగులు వేసి, బల్ల మీద పాత యుద్ధాలు ఆడటం మొదలుపెట్టాడు. మేడ మీద గదిలో ఉన్న ఆ బల్ల బావ కంట పడింది.

బావ: ఏటిరా ఇది? పిల్లలు కాలేజీలకి ఎళ్లిపోయారు, నువ్వు బొమ్మలు పట్టుకున్నావా? మీ అక్క చూస్తే ఏటంటాది?

బావమరిది: అక్క పొద్దున్నే చూసింది బావా. సంక్రాంతి బొమ్మల కొలువులా ఉందంది.

బావ: కొలువులో బొమ్మలు బుద్ధిగా కూర్చుంటాయి. ఇవి చంపుకుంటన్నాయి.

బావమరిది: ముందు ఆట వినవా? ఒక్కో బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు. నాలుగైదు బొమ్మల్ని ఒక అట్టముక్క మీద అంటిస్తే ఒక దళం. నీ వంతులో నీ దళాలు కదులుతాయి, నా వంతులో నావి. ఎంత దూరం నడిచాయో టేపుతో కొలుస్తాం. గుండు తగిలిందో లేదో పాచిక చెబుతుంది. గుట్ట ఎక్కినవాడికి ఇంత లాభం, తోటలో నక్కినవాడికి ఇంత రక్ష అని లెక్కలుంటాయి. చదరంగంలోలా గళ్లుండవు, నేలంతా తెరిచే ఉంటుంది.

బావ: దానికింత సరంజామా ఎందుకు? రచ్చబండ మీద పులిమేక ఆడుకోరాదా? మూడు పులులు, పదిహేను మేకలు. సుద్దముక్కతో గీసీసి, చింతపిక్కలు పెట్టుకుంటే అయిపోయింది. పైసా ఖర్చు లేదు.

బావమరిది: పులిమేక నాకూ ఇష్టమే. ఒకవైపు బలం, ఒకవైపు మంద. ఇద్దరికీ గెలుపుదారి వేరు. ఇదీ ఆ తోవలోదే. కాకపోతే ఇక్కడ మేకలకి ఊళ్లూ తేదీలూ ఉన్నాయి.

బావ: ఖర్చు మాట దాటీసావు.

బావమరిది: దాటలేదు. ఇందులో డబ్బు తగలేసుకునే దారి పెద్దదే ఉంది. 'వార్‌హ్యామర్' అని 1983లో ఒక ఆట వచ్చింది. రాక్షసులూ మంత్రగాళ్లూ కొట్టుకునే ఆట. దాన్ని తెచ్చిన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఇప్పుడు ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉంది. ఆ దారిన పోతే మాస్టారి జీతం చాలదు, పైన కస్టమ్స్ ఒకటి. నేను చరిత్ర దారి పట్టాను. ప్లాస్టిక్ బొమ్మలు కొన్నే తెప్పించాను. మిగతావి కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి నిలబెట్టినవి. నీల్ థామస్ అనే ఆయన 2014లో గంటలో ముగిసే యుద్ధాల మీద ఒక పుస్తకం వేశాడు. మూడడుగుల చదరం బల్ల, పక్షానికి ఆరు దళాలు, ముప్పై రకాల సన్నివేశాలు. మన వయసు వాళ్లకి అంతే కావాలి. రాత్రి భోజనాలయ్యాక మొదలెడితే పడుకునే వేళకి ఒకడు ఓడిపోవాలి.

బావ: ఇంగ్లండు దాకా ఎందుకు? ఈ దగ్గర్లోనే బుడితి ఉంది. కంచూ ఇత్తడీ కరిగించి పోసే చేతులు ఇక్కడ పెట్టుకుని నువ్వు ప్లాస్టిక్ తెప్పించుకున్నావా?

బావమరిది: బుడితి వాళ్లది బిందెలూ చెంబులూ దీపాలూ పోతపోసే పని. ఆ చేతిని ఇంత చిన్న బొమ్మకి దించమంటే ఒక్కో సైనికుడికి ఒక బిందె ఖరీదు అడుగుతారు. అడగాలి కూడా.

బావ: సర్లే, వయసు సంగతి సెప్పు. నలభై ఎనిమిదికి ఎవడైనా బీపీ చూసుకుంటాడు, సుగరు చూసుకుంటాడు, పిల్ల పెళ్లికి సంబంధాలు చూసుకుంటాడు.

బావమరిది: అవన్నీ చూసుకుంటూనే ఉన్నా. ఇంట్లో బొమ్మ సైనికులతో ఆడుకునేందుకు నిబంధనలు రాసి ఈ ఆటకి పేరు తెచ్చింది ఎవరనుకున్నావు? హెచ్.జి. వెల్స్. కాలయంత్రం కథ రాసినాయన. 1913లో 'లిటిల్ వార్స్' అచ్చయ్యేనాటికి ఆయనకి నలభై ఆరు దాటింది. నేల మీద బోర్లా పడుకుని, స్ప్రింగు ఫిరంగిలో కొయ్యగుళ్లు పెట్టి పేల్చేవాడు. ఆ తర్వాత 1962లో 'వార్ గేమ్స్' పుస్తకంతో దీన్ని ఊరూరా పాకించిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్‌కి అప్పటికి నలభై నాలుగు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల రెజిమెంటులో పనిచేసి వచ్చి ఫిజియోథెరపిస్టుగా స్థిరపడినవాడు. నీలాంటి ఫౌజీయే బావా.

బావ: 1913 అన్నావు కదా. మరుసటి ఏడు ఏటయిందో నువ్వే బళ్లో పాఠం చెబుతావు.

బావమరిది: మొదటి ప్రపంచ యుద్ధం. నిజానికి వెల్స్ ఆ ముక్క ముందే అన్నాడు. ఆటలోనే ఇన్ని తడబాట్లు పడుతున్నామే, అసలు యుద్ధం ఇంకెంత అధ్వానంగా ఉంటుందో ఆడి చూసినవాడికి తెలుస్తుందని ఆయన వాదం.

బావ: ఎవడికి తెలిసింది? అలగ ఆడుకున్న ఇళ్ల కుర్రాళ్లే ఎళ్లి ఫ్రాన్సు బురదలో పడ్డారు. ఆట ఏ యుద్ధాన్ని ఆపింది?

బావమరిది: ఆపుతుందని నేనూ అనను. వెల్స్ ఆశ పెద్దది, నాది చిన్నది.

బావ: ఏదీ, ఆ ఎర్రకోటువాణ్ణి ఇలగియ్యి. ఊఁ. బెల్టు తెలుపు బాగానే దిద్దావు. ఒంటి మీద ఈ గరుకేటి? పౌడరు రాసినట్టుంది.

బావమరిది: మన గాలి. మొదటి పూత స్ప్రేతో కొట్టాను. సముద్రపు తేమకి రంగు సరిగ్గా పట్టక గరుకు తేలింది. అప్పట్నుంచి కుంచెతోనే పూస్తున్నా. ముందు నల్లపూత. అది ఆరాక కోటుకి ఎరుపు. ఆ తర్వాత నీళ్లలా పలచన చేసిన ముదురు గోధుమరంగు ఒళ్లంతా పారిస్తే, అది బట్టల మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. చివర్లో కుంచెని లేత రంగులో ముంచి, దాదాపు పొడిబారేదాకా కాగితానికి తుడిచి, పైపైన ఆడించాలి. టోపీ అంచూ ముక్కూ పిడికిలీ పైకి తేలతాయి. కళ్లు మాత్రం వెయ్యను. చత్వారం అద్దాలు పెట్టుకున్నా ఆ చుక్క ఎళ్లి చెంప మీద పడుతుంది. అడుగు దూరం నుంచి చూస్తే కనుబొమ్మ కింద నీడే కన్నులా కనబడుతుంది.

బావ: ఈ ఇసక?

బావమరిది: భావనపాడు ఒడ్డుది. జల్లెడ పట్టి ఫెవికాల్‌తో అంటించాను. ఈ పంటచేను మాత్రం మీ సరుకు. గుమ్మంలో పరుచుకునే కొబ్బరిపీచు పట్టాని ముక్కలు కోసి, పీచు పైకి నిలబడేలా పెట్టి, కాస్త పసుపుపచ్చ అద్దితే కోతకొచ్చిన చేనైపోతుంది. ఎక్కడెక్కడి ఆటగాళ్లూ చేలకి ఇదే వాడతారు.

బావ: 2018లో తిత్లీ తుపానుకి మా చెట్లు వరసగా పడిపోయాయి. మళ్లీ వేసిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పట్టింది. నువ్విక్కడ మా పీచుతో గదిలో పంట పండించీసావు.

బావమరిది: ఆ చేను అందానికి పెట్టింది కాదు బావా. ఈ యుద్ధం గెలిచిందే ఆ చేను. 1758 డిసెంబరు, పిఠాపురం దగ్గర చందుర్తి. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆయన వెంట సుమారు 470 మంది తెల్ల సైనికులు, 1900 మంది సిపాయిలు. తోడుగా విజయనగరం ఆనంద గజపతిరాజు మనుషులు. అవతల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. ఆయనకి 500 మంది తెల్లవాళ్లు, దాదాపు 6000 మంది సిపాయిలు, ఫిరంగులూ ఎక్కువే. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో పెట్టి, సిపాయిల్ని రెండు పక్కలా నిలబెట్టాడు. మధ్యలో ఉన్నవాళ్ల ముందు ఎత్తుగా ఎదిగిన చేను, అందులో వాళ్లు మునిగిపోయారు. పక్కనున్న సిపాయిలకేమో ఎర్రకోట్లు. ఫ్రెంచివాళ్లు అప్పటిదాకా చూసిన సిపాయిలు దేశీ బట్టల్లో ఉండేవాళ్లు. ఎరుపు కనబడేసరికి ఇంగ్లీషు దళం అదే అనుకుని, తమ తెల్ల పటాలాన్నంతా వాళ్ల మీదకి తోలారు. సిపాయిలు చెదిరిపోయారు. తరుముకుంటూ పోతున్న ఫ్రెంచి పటాలం పక్కలో, చేలోంచి అసలు ఇంగ్లీషు దళం లేచి కాల్పులు మొదలెట్టింది. అక్కడితో తిరగబడిపోయింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పడ్డాక ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ల మాట చెల్లలేదు.

బావ: కోటు రంగు మీద రాజ్యం పోయిందంటావు.

బావమరిది: కోటు రంగు మీదా, పంట ఎత్తు మీదా. బళ్లో నేను దీన్ని ఒక్క లైనులో చెప్పి వదిలేస్తాను. ఫలానా ఏడాది ఫలానావాడు గెలిచాడు. పిల్లలు అదేదో నుదుటిన రాసిపెట్టి ఉన్నట్టు నోట్సులో రాసుకుంటారు. బల్ల దగ్గర కూర్చుంటే కాన్‌ఫ్లాన్స్ తెలివితక్కువవాడు కాడని తెలుస్తుంది. ఆయనకి కనబడినంతలో అది మంచి ఎత్తే. ఈ సంగతి మన వయసులోనే ఒంటబడుతుంది. పదిహేనేళ్లవాడికి గెలుపు కావాలి. మనం సగం తెలిసీ సగం తెలియకా ఇల్లు కట్టాం, అప్పు చేశాం, పిల్లల్ని ఏదో ఒక కాలేజీలో వేశాం. ఎలా గెలిచాడన్నదాని కన్నా, అంత ఆలోచించినవాడు ఎందుకు ఓడాడన్నదే మనకి పట్టుకుంటుంది.

బావ: అయితే నీ బల్ల అబద్ధం.

బావమరిది: ఎలా?

బావ: నువ్వు పైనుంచి చూస్తన్నావు. చేనెనకాల ఎవడున్నాడో నీకు తెలుసు. ఎదురుగా కూర్చున్నోడికీ తెలుసు. కాన్‌ఫ్లాన్స్ సంగతి తెలియాలంటే ముందు కళ్లకి గంతలు కట్టుకోవాల. 1999లో శ్రీనగర్ నుంచి లేహ్ ఎళ్లే రోడ్డు మీద, ద్రాస్ దగ్గర, పైన కొండలెక్కి కూర్చున్నోళ్లు చూసి చెబితే అవతల్నుంచి ఫిరంగి గుండ్లు రోడ్డు మీద పడేవి. మేం రాత్రిపూట హెడ్‌లైట్లు ఆర్పీసి కాన్వాయ్ నడిపేవాళ్లం. ముందు లారీ వెనకిరుసు మీద చిన్న లైటొకటి పడుతుంటాది, నీకు కనిపించేది అదే. అది కుడికెళ్తే నువ్వూ కుడికి. కొండ మీదోడికి నేను కనబడుతున్నానో లేదో నాకు తెలీదు. యుద్ధంలో నా చోటు అది. నువ్వు ఈ కుర్చీలో కూర్చున్నది కొండ మీదోడి చోటు.

బావమరిది: మరి మీకూ సాండ్ మోడల్ మీద పాఠాలు చెప్పేవారు కదా? ఇసకతో కొండలు కట్టి, రోడ్లు గీసి. అదీ పైనుంచి చూడ్డమే.

బావ: చెప్పేవారు. మర్నాడు ఆ కొండకే ఎళ్లాలని తెలిసి చూసేవాళ్లం. చేతిలో టీ గ్లాసు, పక్కన పాచికలు ఉండేవి కాదు. ఇంకో మాట. ఆరు దళాలన్నావు. కాలిబలం, గుర్రాలు, ఫిరంగులు. వంటోడేడీ? నీళ్ల బండేదీ? లారీవాడేడీ? నా సర్వీసంతా నీ బల్ల మీద లేదు.

బావమరిది: ఎద్దుబండి ఒకటుంది. అదిగో, గుట్ట పక్కన.

బావ: అదేటి చేస్తాది?

బావమరిది: ఏమీ చెయ్యదు. అందానికి పెట్టాను.

బావ: చూసావా. రేపు బొబ్బిలి కూడా పెడతావు కాబోలు.

బావమరిది: పెడదామనే ఉంది. 1757 జనవరి 24. మట్టికోట ఒకవైపు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ విజయనగరం సేనా ఇంకోవైపు. మన ఉత్తరాంధ్రలో అంతకన్నా పెద్ద కథేముంది? ఆ తర్వాత రాత్రి డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని చంపిన బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య. సినిమాలే రెండొచ్చాయి.

బావ: కోటలో ఆడాళ్ల బొమ్మలు చేసావా? పిల్లల బొమ్మలు?

బావమరిది: లేదు.

బావ: శత్రువు చేతికి చిక్కకూడదని సొంతోళ్లే వాళ్లని చంపీసుకున్నారు కదరా. దానికి పాచిక మీద ఎంత పడాల? బుర్రకథలో ఆ చోటు వచ్చిందంటే చెప్పేవాడు గొంతు మారుస్తాడు, ముసలాళ్లు కొంగుతో కళ్లొత్తుకుంటారు. నీ ఆటలో అక్కడికొచ్చేసరికి ఏటి చేస్తావు? టేపు తీస్తావా?

బావమరిది: దీనికి నా దగ్గర జవాబు లేదు బావా. బొబ్బిలి పెట్టను. పద్మనాభం సంగతేమంటావు? 1794 జూలై 10. కంపెనీ సేన మీదకి విజయనగరం చిన విజయరామరాజు బయల్లో నిలబడ్డాడు. గంట తిరక్కుండా అయిపోయింది, రాజు అక్కడే పడిపోయాడు. గెలుస్తానని కాక చావడానికే సిద్ధపడి వచ్చాడని చెప్పుకుంటారు.

బావ: గెలవాలని రానోడితో ఆటేటి?

బావమరిది: అదీ నిజమే. అందుకే చందుర్తి దగ్గర ఆగాను. రెండు విదేశీ కంపెనీలు మన శిస్తు ఎవడు వసూలు చేసుకోవాలా అని కొట్టుకున్న చోటు. ఎవడు ఓడినా నాకు ఏడుపు రాదు.

బావ: అక్కడా ముందు పడిపోయింది మనోళ్లే. ఎర్రకోటు తొడిగినందుకు ఆ సిపాయిల మీదకి ఒక పటాలం పటాలమే వచ్చి పడింది.

బావమరిది: పుస్తకంలో వాళ్లెక్కడున్నారో చూపించు బావా. ఫోర్డ్ ఉంటాడు, కాన్‌ఫ్లాన్స్ ఉంటాడు. నా బల్ల మీద లెక్క ప్రకారం పెడితే, ఫోర్డ్ వైపు తెల్లవాడొకడికి మనవాళ్లు నలుగురు నిలబడ్డారు. వాళ్లకి రంగులు వేస్తూ కూర్చుంటే గానీ నాకూ ఆ లెక్క తలకెక్కలేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ యుద్ధం తెల్లవాళ్లదనే అనుకునేవాణ్ణి.

బావ: ఆ ముక్క ఒప్పుకుంటాను. కానీ కొండ మీదోడి మాటకి జవాబు చెప్పలేదు.

బావమరిది: దానికుంది జవాబు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే లెఫ్టినెంటు ఒక ఆట తయారుచేశాడు. వాళ్ల సైన్యాధికారులకి అది చదువులో భాగమైపోయింది. ఇద్దరు ఆటగాళ్లు ఎదురెదురుగా కూర్చోరు. మధ్యలో అంపైర్ ఉంటాడు. అసలు సంగతంతా తెలిసేది ఆయనకొక్కడికే. ఆటగాడు ఆజ్ఞ కాగితం మీద రాసి ఇవ్వాలి. అది మోసుకెళ్లే గుర్రపువాడికి ఎంతసేపు పడుతుందో అంపైర్ లెక్కగడతాడు. నీ దళానికి ఏది కనబడుతుందో అంతే నీకు చెబుతాడు. చేనెనకాల ఎవరున్నారో చెప్పడు.

బావ: ఇది కొంత నయం. మరి పాచికలు?

బావమరిది: మొదట ఉండేవి. లెక్కల పట్టికలు పెరిగిపోయి అధికారులకి విసుగొచ్చింది. 1876లో వెర్డీ డు వెర్నుఆ అనే ఆయన పాచికలూ పట్టికలూ పక్కన పెట్టేసి, యుద్ధం చూసిన అంపైర్ ఏది జరుగుతుందంటే అదే జరిగినట్టు లెక్క అన్నాడు.

బావ: యుద్ధం చూసినోడు కావాలన్నమాట.

బావమరిది: అదే చిక్కు. నాతో ఆడేవాళ్లు ఇద్దరున్నారు. టెక్కలిలో బ్యాంకు ఉద్యోగి ఒకాయన, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఆయన ఒకరు. ముగ్గురమూ పుస్తకాల్లో చూసినవాళ్లమే. కబురు ఎంత ఆలస్యంగా వస్తుందో, అలిసిపోయినవాడికి ఆజ్ఞ ఎలా చెవికెక్కదో మాకెవరికీ తెలీదు.

బావ: నన్ను ఇరికిస్తన్నావు.

బావమరిది: నువ్వే కదా బల్ల అబద్ధమన్నావు. నిజం చెప్పడానికి మనిషి కావాలి.

బావ: నేనొప్పుకున్నానని ఊరంతా చెప్పకు. యుద్ధాన్ని ఆట చెయ్యడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కూర్చోవాలంటే నా మాట చెల్లాల. ఒకటి, ఆడేవాళ్లు కింద గదిలో ఒకడు, వీధి అరుగు మీద ఒకడు. బల్ల దగ్గరకి నేను తప్ప ఎవడూ రాకూడదు. రెండు, ఆ ఎద్దుబండి అందానికి కాదు. ఏ దళం ఎప్పుడు తిన్నదో నాకు రాసి చూపించాల. తిండి అందని దళం కదలదు. ఎంత పెద్ద పాచిక వేసినా కదలదు.

బావమరిది: చందుర్తిలో నిజంగానే అలాంటిదొకటి జరిగింది బావా. గెలిచాక కూడా ఫోర్డ్ మచిలీపట్నం మీదకి బేగా వెళ్లలేకపోయాడు. ఆనంద గజపతిరాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వక వారాలు గడిచిపోయాయి.

బావ: చూసావా, యుద్ధం గెలిచింది చేనే గానీ ఆపింది డబ్బు. అది మీ ఆరు దళాల పుస్తకంలో ఉందేటి? మూడోది విను. ఆట అయ్యాక పడిపోయిన బొమ్మలు డబ్బాలో గుమ్మరించీయకూడదు. ఎవడి మనుషుల్ని వాడు ఒక్కొక్కటీ తీసి, లెక్క కాగితం మీద రాసి నాకిచ్చి, అప్పుడు టీ తాగాల.

బావమరిది: గంటలో అయ్యే ఆట రాత్రంతా పడుతుంది.

బావ: పట్టనీ. తొందరగా అయిపోతే మీకు సరదా, నాకు సరదా అక్కర్లేదు. జాతరయ్యాక ఆదివారం రమ్మను వాళ్లని.

బావమరిది: వస్తారు. ఒక్కటి మాత్రం ముందే చెప్పు. ఎడమ పక్కన నా సిపాయిలు చెదిరిపోతే ఆ కబురు నాకెప్పుడు చెబుతావు?

బావ: ఆలస్యంగా. సగం తప్పుగా.